పండుగ పళ్లెం, పొదుపు పుస్తకం: దేశదేశాల క్రిస్మస్ విందులు

పోలండ్‌లో క్రిస్మస్ విందు అంటే కార్ప్ చేప. ఇథియోపియాలో కోడికూర. ఇటలీలోని నేపుల్స్‌లో పాముచేప, ఫిలిప్పీన్స్‌లో పందిమాంసంతో చేసే హామ్, జపాన్‌లో బకెట్‌లో వచ్చే వేయించిన చికెన్. ఆస్ట్రేలియాలో డిసెంబరు అంటే నడి వేసవి కాబట్టి అక్కడి ఇళ్లలో చల్లటి రొయ్యలు, చల్లార్చిన హామ్, పైన పళ్లు పేర్చిన పావ్లోవా. పండుగ ఒకటే అయినా పళ్లెం మాత్రం దేశానికొక తీరు.

ఈ పళ్లేలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. క్రిస్మస్‌కు వడ్డించేది చాలావరకు మామూలు రోజుల్లో ఆ ఇంట్లో వండని వంటకమే. ఒకప్పుడు సామాన్య కుటుంబం సంపాదనలో దానికి చోటుండేది కాదు. అందుకే వంటకంతో పాటు దానికి డబ్బు సమకూర్చుకునే పద్ధతి కూడా ఎక్కడికక్కడ పుట్టింది. ఒకచోట వారపు చందా, ఒకచోట బ్యాంకు ఖాతా, ఒకచోట యజమాని ఇచ్చే అదనపు జీతం, మరోచోట ఇరుగుపొరుగు వేసుకునే వాటాలు.

ఏం తింటారన్నది వంటల పుస్తకాలు చెబుతాయి. ఆ ఖర్చు ఎలా భరిస్తారన్నది బ్యాంకు కుటుంబాలమైన మనకు దగ్గరి విషయం. ఈ రెండింటినీ కలిపి చదువుకుందాం.

గూస్ క్లబ్బులు: వారానికి కొన్ని పెన్నీలు

ఇవాళ ఇంగ్లండ్‌లో క్రిస్మస్ భోజనం అనగానే టర్కీ కోడి గుర్తుకొస్తుంది. దానికి తోడు ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపలు, బ్రసెల్స్ స్ప్రౌట్స్ అనే చిన్న చిన్న క్యాబేజీలు, గ్రేవీ, చివర్లో క్రిస్మస్ పుడ్డింగ్. కానీ 19వ శతాబ్దంలో లండన్ కార్మిక కుటుంబాల పండుగ వంటకం గూస్ అనే పెద్ద బాతు. టర్కీ అప్పటికి కలిగినవారి ఇళ్లలోనే ఉండేది.

చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ కథలో ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. వారానికి 15 షిల్లింగుల జీతం తెచ్చుకునే గుమాస్తా బాబ్ క్రాచిట్ ఇంట్లో పండుగకు వండేది గూసే. దాన్ని బేకరీవాడి పొయ్యిలో కాల్పించి పిల్లలు ఇంటికి తెస్తారు. అంత పక్షిని కాల్చే పొయ్యి పేద ఇళ్లలో ఉండేది కాదు. కథ చివర మనసు మారిన యజమాని స్క్రూజ్ ఆ ఇంటికి పంపించేది టర్కీని.

వారం కూలితో ఇల్లు గడిపేవారికి ఒకేసారి గూస్ కొనడం భారం. అందుకే ‘గూస్ క్లబ్బు’లు వచ్చాయి. వీటిని ఎక్కువగా వీధిలోని పబ్బు యజమాని నడిపేవాడు. సభ్యులు నెలల తరబడి వారానికి కొన్ని పెన్నీలు కడతారు. క్రిస్మస్ ముందు ఒక్కొక్కరికి ఒక్కో గూస్ చేతికి వస్తుంది. కొన్ని క్లబ్బుల్లో దాంతో పాటు ఒక జిన్ సీసా కూడా ఇచ్చేవారు. ఆర్థర్ కానన్ డాయిల్ 1892లో రాసిన షెర్లాక్ హోమ్స్ కథ ‘బ్లూ కార్బంకల్’లో పోయిన గూస్ అలాంటి క్లబ్బు నుంచి వచ్చిందే. పాఠకులకు క్లబ్బు అంటే ఏమిటో వివరించనక్కర లేనంతగా అది జనంలో పాతుకుపోయింది.

ఇంగ్లిష్ పుడ్డింగ్‌లో కూడా ముందుచూపు ఉంది. ఎండు ద్రాక్ష, మసాలాలు, కొవ్వు, బ్రెడ్డు పొడి కలిపి అడ్వెంట్ మొదలయ్యే ముందరి ఆదివారం, అంటే పండుగకు దాదాపు నెల ముందే, దాన్ని తయారు చేస్తారు. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కసారి గరిటె తిప్పాలి. లోపల ఒక వెండి నాణెం వేస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వారికి ఆ ఏడాది అదృష్టం. నెల రోజులు ఊరితేనే దానికి రుచి వస్తుంది. మన ఆవకాయకు ఓపిక పట్టినట్టే అన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పళ్లెం మారిపోయింది. 1940 జనవరిలో మొదలైన ఆహార రేషన్ 1954 జూలై దాకా సాగింది. ఆ ఏళ్లలో గృహిణులు ‘ఉత్తుత్తి గూస్’ చేశారు. పేరుకే గూస్, అందులో ఉండేది పప్పు లేదా బంగాళాదుంపలు, ఆపిల్ ముక్కలు. పక్షి లేకపోయినా ఆ పేరుతో ఒక పళ్లెం బల్ల మీద ఉండాలని వారు కోరుకున్నారు.

పండుగ పొదుపు బ్యాంకు చేతికి వచ్చిన కథ

పబ్బులో సాగిన పని బ్యాంకులోకి వచ్చింది అమెరికాలో. 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ట్రస్ట్ కంపెనీలో మెర్కెల్ లాండిస్ అనే కోశాధికారి ‘క్రిస్మస్ పొదుపు నిధి’ని ప్రారంభించారు. ఖాతాదారు వారం వారం ఒక చిన్న మొత్తం కట్టాలి. పండుగ కొనుగోళ్ల వేళకు, డిసెంబరు మొదట్లో, మొత్తం చేతికి ఇస్తారు. మొదటి ఏడాది దాదాపు 350 మంది చేరారు. ఒక్కొక్కరు సగటున 28 డాలర్లు కూడబెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో ఈ ‘క్రిస్మస్ క్లబ్’ ఖాతా అమెరికా అంతటా పాకింది.

మేనేజ్‌మెంట్ విద్యార్థులు ఈ ఖాతాను ఇప్పటికీ చదువుతారు. కారణం ఒక చిక్కుముడి. ఆ ఖాతాలకు వడ్డీ చాలా తక్కువ, కొన్నింటికి అసలు ఉండేది కాదు. మధ్యలో డబ్బు తీసుకునే వీలూ తక్కువ. మామూలు పొదుపు ఖాతా దీనికంటే మేలు కదా! అయినా జనం ఏటేటా చేరుతూనే ఉన్నారు. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ తన రచనల్లో ఈ క్లబ్బులను ఉదాహరణగా తీసుకున్నారు. మనిషి తన డబ్బుకు మనసులో వేరువేరు డబ్బాలు పెట్టుకుంటాడు. ‘పండుగ’ అని పేరు రాసిన డబ్బాలో చెయ్యి పెట్టడానికి సంకోచిస్తాడు. ఆ సంకోచం కోసమే కొంత వడ్డీ వదులుకోవడానికి కూడా సిద్ధపడతాడు.

మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో ఒకచోట, బియ్యం డబ్బాలో ఇంకోచోట డబ్బు దాచింది ఈ సూత్రంతోనే. పోపుల డబ్బాలోది పాలవాడికి, బియ్యంలోది పండుగకు. ఒకదాంట్లోది తీసి ఇంకోదాంట్లో పెట్టేవారు కాదు.

పదమూడో జీతం

కొన్ని దేశాలు పండుగ ఖర్చును కుటుంబం మీదే వదిలేయలేదు. చట్టంలోనే చోటిచ్చాయి.

ఇటలీలో డిసెంబరు జీతంతో పాటు ‘త్రెదిచేజిమా’ అనే పదమూడో జీతం వస్తుంది. 1937లో పరిశ్రమల ఉద్యోగులతో మొదలై 1960 నాటికి మిగతా ఉద్యోగులకూ వర్తించింది. ఆ డబ్బు రాగానే మార్కెట్లు కళకళలాడతాయి. 24వ తేదీ రాత్రి కేథలిక్ ఆచారం ప్రకారం మాంసం ముట్టరు కాబట్టి భోజనమంతా చేపలే. నేపుల్స్‌లో ‘కపితోనే’ అనే పెద్ద పాముచేప, ఉప్పు చేపలా ఎండబెట్టిన కాడ్ తప్పనిసరి. మాంసం వంతు 25న వస్తుంది. చివర్లో మిలాన్ నగరం నుంచి వచ్చిన ‘పనెత్తోనే’ అనే ఎత్తైన తీపి రొట్టె. కొత్త సంవత్సరం రాత్రి మాత్రం పప్పు తప్పదు. ఆ మసూర్ గింజలు నాణేల్లా ఉంటాయని, ఎన్ని తింటే అంత డబ్బు వస్తుందని అక్కడి నమ్మకం.

ఫిలిప్పీన్స్‌లో 1975 డిసెంబరు 16న వెలువడిన 851వ అధ్యక్ష ఉత్తర్వు పదమూడో నెల జీతాన్ని తప్పనిసరి చేసింది. డిసెంబరు 24 లోపు చెల్లించాలని గడువు కూడా పెట్టింది. అక్కడి పండుగ డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు సాగే తెల్లవారుజాము ప్రార్థనలతో ఊపందుకుంటుంది. చర్చి బయట ‘బిబింకా’ అమ్ముతారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి, అరిటాకు మీద పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చే రొట్టె అది. వెదురు గొట్టంలో ఉడికించే ‘పుతో బుంబోంగ్’ను చూస్తే మనవాళ్లకు కేరళ పుట్టు గుర్తుకొస్తుంది. 24 అర్ధరాత్రి ప్రార్థన తర్వాత ఇంటిల్లిపాదీ ‘నోచే బ్యేనా’ విందుకు కూర్చుంటారు. బల్ల మీద హామ్, ఎర్రటి మైనం పూత ఉన్న గుండ్రటి చీజు, నూడుల్స్, పళ్ల సలాడు. ఆ కుటుంబాల్లో ఎన్నో ఇళ్ల సంపాదనపరులు గల్ఫ్‌లోనో, ఓడల మీదనో ఉంటారు. వారు పంపిన డబ్బుతో విందు జరుగుతుంది, వారు మాత్రం ఫోను తెరలో కనిపిస్తారు. గోదావరి జిల్లాల్లో, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో పనిచేసిన మన సిబ్బందికి ఈ దృశ్యం కొత్త కాదు.

మెక్సికోలో ‘అగినాల్దో’ పేరుతో కనీసం 15 రోజుల వేతనాన్ని డిసెంబరు 20 లోపు చెల్లించాలని కార్మిక చట్టం చెబుతుంది. మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, పొత్తు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే ‘తమాలే’లు అక్కడి పండుగ వంట. చుట్టడం పెద్ద పని కాబట్టి ఆడా మగా, చిన్నా పెద్దా కలిసి కూర్చుని చుడతారు. ప్రపంచమంతా క్రిస్మస్‌కు తినే టర్కీ కోడిని మొదట మచ్చిక చేసిందీ ఈ నేల మీదే.

ఇరుగుపొరుగు వాటాలు

ఇథియోపియాలో క్రిస్మస్ పేరు ‘గెన్నా’. వారి పంచాంగం ప్రకారం అది జనవరి 7న వస్తుంది. అంతకు ముందు 43 రోజుల ఉపవాస దీక్ష. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. దీక్ష విడిచిన రోజు వడ్డించేది ‘దోరో వత్’. కిలోల కొద్దీ ఉల్లిపాయలను గంటల తరబడి మగ్గించి, ఎర్రటి కారపు మసాలా, మసాలా వేసి కాచిన నెయ్యి కలిపి వండే కోడికూర ఇది. సంప్రదాయం ప్రకారం కోడిని 12 ముక్కలు చేస్తారు. ఉడికించిన గుడ్లు కూడా వేస్తారు. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే ‘ఇంజెరా’ మన దోసెకు పెద్దక్కలా ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు.

కోడి ఒక ఇంటికి సరిపోతుంది. ఎద్దు మాంసం కావాలంటే ఒక్క ఇల్లు కొనలేదు. అప్పుడు వీధివాళ్లు డబ్బులు వేసుకుని ఒక ఎద్దును కొంటారు. మాంసాన్ని సమాన కుప్పలుగా పోసి వాటాదారులకు పంచుతారు. దీని పేరు ‘కిర్చా’. మన ఊళ్లలో పండుగ పూట మేకను కోసి పోగులు వేయడం చూసినవారికి ఇంకేమీ చెప్పనక్కర లేదు. డబ్బు కూడబెట్టడానికి వారికి ‘ఎకుబ్’ ఉంది. సభ్యులు నెలనెలా సమానంగా వేస్తారు, ఒక్కో విడత ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. అది మన చీటీకి ఆఫ్రికా తోబుట్టువు.

దక్షిణాఫ్రికాలో ఇదే ఏర్పాటుకు ‘స్టాక్‌వెల్’ అని పేరు. అందులో కిరాణా స్టాక్‌వెల్‌లు ప్రత్యేకం. జనవరి నుంచి నెలనెలా డబ్బు వేస్తారు. డిసెంబరులో హోల్‌సేల్ దుకాణానికి కలిసి వెళ్లి బియ్యం, నూనె, పంచదార, పిండి మూటలకొద్దీ కొని పంచుకుంటారు. కలిసి కొనడం వల్ల ధర కలిసివస్తుంది. ఈ బలం గమనించి ఆ దేశపు బ్యాంకులు స్టాక్‌వెల్‌ల కోసం ప్రత్యేక ఖాతాలు పెట్టాయి. మన స్వయం సహాయక సంఘాల ఖాతాలు నడిపిన అధికారులకు ఆ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

అమ్మేవారు నేర్పిన ఆచారం

జపాన్ కథ వేరు. అక్కడ క్రైస్తవులు జనాభాలో దాదాపు ఒక్క శాతం. డిసెంబరు 25 సెలవు కూడా కాదు. అయినా ఆ రోజున కేఎఫ్‌సీ దుకాణాల ముందు బారులు తీరతారు. 1970లో ఆ దేశంలో అడుగుపెట్టిన ఆ కంపెనీ 1974లో ‘క్రిస్మస్ అంటే కెంటకీ’ అన్న అర్థం వచ్చే నినాదంతో దేశమంతా ప్రచారం చేసింది. చికెన్, కేకు కలిపిన పెట్టెలు అమ్మింది. యాభై ఏళ్లలో అది ఇంటి ఆచారంగా మారింది. ఇప్పుడు వారాల ముందే ఆర్డరు పెట్టుకోవాలి. తెల్లటి క్రీము, ఎర్రటి స్ట్రాబెర్రీలతో చేసిన కేకు కూడా ఆ రాత్రి విందులో భాగం.

మార్కెటింగ్ పాఠాల్లో ఇది మంచి విజయగాథ. కుటుంబాలకు మాత్రం ఇది ఒక హెచ్చరిక కూడా. పండుగ పేరుతో ‘ఇది లేకపోతే లోటు’ అని మనకు అనిపించే వస్తువుల్లో ఎన్ని మన ఇంటి నుంచి వచ్చాయి, ఎన్ని ప్రకటనల నుంచి వచ్చాయి అని ఒకసారి విడదీసి చూసుకోవడం మంచిది.

ఖర్చుకు హద్దు గీసిన సంప్రదాయాలు

జర్మనీ సంపన్న దేశం. అయినా 24వ తేదీ రాత్రి అక్కడి చాలా ఇళ్లలో తినేది బంగాళాదుంపల సలాడు, సాసేజి. ఆ రోజు ఇంట్లో చెట్టు అలంకరణ, చర్చి, కానుకలు ఇవ్వడం ఉంటాయి కాబట్టి వంట తేలికగా ముగిస్తారు. గూస్, ఎర్ర క్యాబేజీ వంటి పెద్ద వంటలు మర్నాటికి.

పోలండ్‌లో 24 రాత్రి విందు పేరు ‘విగిలియా’. ఆకాశంలో తొలి నక్షత్రం కనిపించాక బల్ల దగ్గర కూర్చుంటారు. నక్షత్రం కోసం కిటికీ దగ్గర కాపలా పిల్లల పని. బల్లగుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పరుస్తారు. ముందుగా ‘ఒప్వాతెక్’ అనే పలుచటి రొట్టెను ఒకరి చేతిలోది ఒకరు తుంచుకుని శుభాకాంక్షలు చెప్పుకుంటారు. ఏడాదిగా మాటలు లేని అన్నదమ్ములు కూడా ఆ రొట్టె తుంచాల్సిందే. తర్వాత 12 వంటకాలు. ఒక్కదాంట్లోనూ మాంసం ఉండదు. బీట్‌రూట్ చారు, పుట్టగొడుగులు, క్యాబేజీ పెట్టిన కజ్జికాయల్లాంటి ‘పియెరోగి’, గసగసాల తీపి, హెరింగ్, కార్ప్ చేప. 12 అనగానే ఆర్భాటం అనిపిస్తుంది. కానీ వాటిలో ఎక్కువ భాగం పొలంలో, అడవిలో, చెరువులో దొరికేవే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాంసం, ఖరీదైన చేపలు కరువైన రోజుల్లో చెరువుల్లో సులువుగా పెరిగే కార్ప్ ఇంటింటి వంటకమైంది. కార్యాలయాల్లో, ఫ్యాక్టరీల్లో సిబ్బందికి కార్ప్ పంచేవారు. తెచ్చిన చేపను పండుగ దాకా స్నానాల తొట్టెలో ఉంచడం అక్కడి పెద్దవారందరికీ తీపి గుర్తు. ఆ చేప పొలుసు ఒకటి పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని నమ్ముతారు.

ఆ బల్ల మీద ఒక పళ్లెం అదనంగా పెడతారు. అనుకోకుండా తలుపు తట్టే అతిథి కోసం అది. ఎవరూ రాకపోయినా ఆ చోటు అలాగే ఉంచుతారు. దూరమైనవారిని తలచుకోవడానికి కూడా అదే చోటు.

మన దేశంలో, మన ఇళ్లలో

మన దేశంలో క్రిస్మస్ పళ్లెం రాష్ట్రానికో రుచి. గోవాలో కొబ్బరిపాలు, గుడ్ల సొన, నెయ్యితో పొర మీద పొర కాల్చే బెబింకా, పందిమాంసం సోర్పొతెల్, కల్లుతో పులియబెట్టే సన్నాలు. కేరళలో 25 రోజుల నోము ముగించి తినే అప్పం, స్టూ. అక్కడి తలశ్శేరిలో 1883లో మంబల్లి బాపు అనే బేకరీ యజమాని ఒక ఆంగ్లేయ తోటల యజమాని కోరిక మీద మన దేశంలో తొలి క్రిస్మస్ కేకు చేశారని చెబుతారు. కోల్‌కతా న్యూ మార్కెట్‌లో 1902 నాటి నహూమ్స్ బేకరీది యూదు కుటుంబం. వారు కాల్చిన పండ్ల కేకు కోసం డిసెంబరులో అన్ని మతాలవారూ వరసలో నిలబడతారు.

తెలుగునాట క్రైస్తవుల ఇళ్లలో పండుగ వారం ముందే పిండివంటలతో మొదలవుతుంది. కోతలు అయ్యి కొత్త బియ్యం ఇంటికి వచ్చే కాలం కాబట్టి అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, లడ్డూలు. పండుగ రోజు ఆరాధన తర్వాత మాంసం పలావో, బిర్యానీయో, కోడికూరా గారెలో. వీటితో పాటు బేకరీ కేకు ఒకటి. పొరుగింటికి పళ్లెం పంపకుండా పండుగ పూర్తికాదు. ఆ పళ్లెం సంక్రాంతికో, రంజాన్‌కో నిండుగా తిరిగి వస్తుంది. మన క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలకు ఈ రాకపోకలు కొత్తేమీ కాదు.

డబ్బు సమకూర్చుకోవడానికి మనకూ ఒక పద్ధతి ఉంది, అదే పండుగ చీటీ. వీధిలో ఒకరు నెలనెలా వంద, రెండు వందలు వసూలు చేసి, పండుగ ముందు సరుకులో, గిన్నెలో, కాసింత వెండో ఇస్తారు. చాలాచోట్ల ఇది నమ్మకంగానే సాగుతుంది. నమ్మకం దెబ్బతిన్నప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి మళ్లీ ఇంగ్లండ్ వెళ్లాలి.

బుట్ట చేరని పండుగ

గూస్ క్లబ్బులు కాలంతో మారి, 20వ శతాబ్దంలో పండుగ సరుకుల బుట్టలు అమ్మే కంపెనీలయ్యాయి. వాటిలో పేరున్నది ఫేర్‌ప్యాక్. ఏజెంట్లు చాలామంది ఖాతాదారుల బంధువులో, ఇరుగుపొరుగో. ఏడాది పొడవునా వాయిదాలు కడితే క్రిస్మస్‌కు సరుకుల బుట్టో, దుకాణాల్లో చెల్లే కూపన్లో వస్తాయి. 2006 అక్టోబరులో, పండుగకు రెండు నెలలుందనగా, ఆ కంపెనీ కూలిపోయింది. లక్షకు పైగా కుటుంబాల సొమ్ము, దాదాపు 4 కోట్ల పౌండ్లు, చిక్కుకుపోయింది. అది బ్యాంకు డిపాజిట్ కాదు కాబట్టి డిపాజిట్లకు ఉండే రక్షణ వర్తించలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక వారికి తిరిగి వచ్చింది కొంత భాగమే. ఆ దెబ్బ తర్వాతే ఆ రంగంలోని మిగతా సంస్థలు ఖాతాదారుల డబ్బును తమ వ్యాపార సొమ్ముతో కలపకుండా విడిగా ట్రస్టు ఖాతాల్లో ఉంచే ఏర్పాటు చేసుకున్నాయి.

ఆ కుటుంబాలు దుబారా చేసినవారు కారు. అప్పు వద్దనుకుని, ముందే కూడబెట్టినవారు. వారి పొదుపు అలవాటు మంచిదే, ఆ పొదుపు పెట్టిన చోటు మంచిది కాలేదు. ఎంత దాచాం అన్నదానితో పాటు ఎక్కడ దాచాం అన్నది కూడా చూసుకోవాలి.

మన దేశంలో చీటీలకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉంది. అనుమతి లేకుండా జనం నుంచి డిపాజిట్లు సేకరించే పథకాలను 2019 చట్టం నిషేధించింది. బ్యాంకు డిపాజిట్‌కు, ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు, 2020 నుంచి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. ఇవి మనకు తెలుసు. మన ఇంట్లో పనిచేసే ఆమెకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు తెలుసా? వారికి చెప్పగలిగేది ముందుగా మన కుటుంబాలే.

ఒక చిన్న లెక్క

పండుగ ఖర్చు 12,000 రూపాయలు అనుకుందాం. మొదటి కుటుంబం జనవరి నుంచి నెలకు 1,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేసింది. వడ్డీ రేటు 6.5 శాతం అనుకుంటే ఏడాది చివర అసలుతో పాటు దాదాపు 430 రూపాయల వడ్డీ చేతికొస్తుంది. రెండో కుటుంబం అదే 12,000 క్రెడిట్ కార్డు మీద ఖర్చు చేసి, నెలకు 3 శాతం వడ్డీతో 12 సమాన వాయిదాల్లో తీర్చింది. నెలకు దాదాపు 1,206 చొప్పున కట్టినది మొత్తం 14,470 వరకు అవుతుంది. అంటే వడ్డీ 2,470. దాని మీద జీఎస్టీ అదనం.

రెండు కుటుంబాలూ అదే బిర్యానీ తిన్నాయి. రెండూ నెలనెలా కట్టాయి. ఒకరు ముందు కట్టారు, ఇంకొకరు వెనుక కట్టారు. తేడా 2,900 రూపాయలు. ఆ డబ్బుతో ఇంకో కుటుంబానికి పండుగ భోజనం పెట్టవచ్చు. మనకు దొరికే వడ్డీలేని పండుగ అడ్వాన్సు మంచి సౌకర్యమే. అయితే అది కూడా తర్వాతి నెలల జీతంలోంచి వాయిదాలుగా వెళ్లేదేనని గుర్తుంచుకుని వాడుకోవాలి.

ఇంటిల్లిపాదికీ అభ్యాసం

ఈ సెలవుల్లో ఒక సాయంత్రం పిల్లలతో కలిసి ఈ నాలుగు పనులు చేసి చూడండి.

1. క్రిస్మస్, సంక్రాంతి, రంజాన్, దసరా, ఏదైనా సరే, మీ ఇంటి పెద్ద పండుగకు నిరుడు అయిన ఖర్చు రాయండి. వంట, బట్టలు, ప్రయాణం, కానుకలు వేరువేరుగా.

2. ఒక్కో ఖర్చు పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: మన ఇంటి ఆచారమా, ప్రకటన చూసి నేర్చుకున్నదా. ఈ పని పిల్లలకు వదిలేయండి, వారు మొహమాటపడరు.

3. మిగిలిన మొత్తాన్ని 12తో భాగించి ఒక రికరింగ్ డిపాజిట్ తెరవండి. పండుగకు పది రోజుల ముందు మెచ్యూరిటీ వచ్చేలా తేదీ చూసుకోండి. దానికి పండుగ పేరు పెట్టి ఫైలు మీద రాయండి. పేరు రాసిన డబ్బాలో చెయ్యి పెట్టం కదా.

4. ఆ లెక్కలో ఒక పళ్లెం అదనంగా వేయండి. పోలండ్ బల్ల మీది ఖాళీ పళ్లెం లాంటిది. మన శాఖలో పార్ట్‌టైం స్వీపరు, రాత్రి కాపలా ఉండే ఏటీఎం గార్డు, పండుగకు ఊరికి వెళ్లలేకపోయిన కొత్త ప్రొబేషనరు, ఎవరిని పిలవాలో ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించండి. నెలకు పాతిక ముప్ఫై రూపాయలు ఎక్కువ వేస్తే ఆ పళ్లెం నిండుతుంది.

సహోద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు.